దుమ్ముగొడుగు

గాలిమిట్ట నీళ్ల ఇంజను మళ్లీ ఆగిపోయిందన్న కబురు వచ్చేసరికి వన్నూరమ్మ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని ఉంది. కలిపిన ముద్ద కలిపినట్టే కంచంలో వదిలి, చెయ్యి కడుక్కుని లేచింది.

కాలువలోంచి తొమ్మిది ఊళ్లకు తాగునీళ్లు ఎత్తిపోసేది ఆ ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజనే. హగరి ఏటి ఇసుకదిబ్బలు ఏటేటా జరుగుతూ వచ్చి, పొలిమేర దాటి, బడి ప్రహరీగోడ ఎక్కి కూర్చున్న కాలమది. ఆషాఢం గాలి మొదలైతే కరెంటు తీగలు నిలిచేవి కావు. ఆ రెండు నెలలూ ఊళ్లన్నీ ఇంజను మీదే బతకాలి. దాన్ని ఈ ఏడాదిలో రెండుసార్లు విప్పి కట్టింది వన్నూరమ్మ. మొదటిసారి కట్టాక రెండు నెలలు తిరిగింది. రెండోసారి కట్టాక పదకొండు రోజులు.

ఆమెకు నలభై ఆరేళ్లు. పదమూడో ఏట తండ్రి దగ్గర స్పానరు పట్టుకుంది. పెళ్లయ్యాక భర్త ఖాసీంకు కూడా పని నేర్పింది తనే. వన్నూరమ్మ కట్టిన ఇంజను వెనక్కి వచ్చిందన్న మాట ఈ ఏడాది దాకా ఆ చుట్టుపక్కల ఎవరూ అనలేదు.

పంపుహౌసు చూసుకునే తిప్పేస్వామి ఇంజన్ను ఇనుపరేకు మీద పెట్టి ట్రాక్టరుతో వన్నూరమ్మ షెడ్డుకు ఈడ్చుకొచ్చాడు. ముగ్గురూ కలిసి చైన్ పుల్లీతో ఎత్తి, అడుగున నూనె తొట్టి విప్పారు. వన్నూరమ్మ క్రాంకు ఇరుసును మోసే ఒక బేరింగు తీసి గుమ్మం దగ్గర వెలుతురుకు పట్టుకుంది. నున్నగా మెరవాల్సిన లోహం మీద సూదితో గీసినట్టు గీతలున్నాయి. గీతల్లో కనబడీ కనబడని తెల్లటి రేణువులు ఇరుక్కుని ఉన్నాయి.

"ఇసుకేనా అక్కా?" అడిగాడు తిప్పేస్వామి.

"ఇసుకే."

"నూనెతో వచ్చిండాదంటావా?"

"ల్యాదు తిప్పేస్వామీ. మేం కట్టేటప్పుడే లోపల పడిండాది. నా చేతుల కిందనే పడిండాది."

ఖాసీం ఆ బేరింగు అందుకుని గీతల మీద వేలు రాసి చూశాడు.

"క్రాంకును ఇప్పటికే మూడుసార్లు సాన పట్టించినాం," అంది వన్నూరమ్మ. "ఇంకొక్కసారి పట్టనిస్తాది, అంతే. ఆ తర్వాత గీత పడితే పారేయాల్సిందే. ఈ మోడలు క్రాంకు ఇప్పుడు ఏ ఊర్లోనూ దొరకదు."

తిప్పేస్వామి తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. ఇంజన్ను పట్నం తీసుకుపోదామంటే లారీ ఇసుకలో దిగబడుతుంది. బాగు చేయించినా మళ్లీ అదే దుమ్ములో ఇరవై మైళ్లు ఎగిరెగిరి రావాలి. ఏం చేసినా ఈ షెడ్డులోనే చేయాలి. షెడ్డంటే నాలుగు రేకుల గోడలు, పైన చిల్లులు పడిన కప్పు. గాలి లేని రోజున కూడా బల్ల మీద వేలితో పేరు రాయొచ్చు.

మర్నాడు పొద్దున తిప్పేస్వామి ఒకమ్మాయిని వెంటబెట్టుకొచ్చాడు. ఊళ్లో వాళ్లకు ఆమె ముఖం తెలుసు. దిబ్బల అంచున డేరా వేసుకుని, కర్రలకు ఏవో తీగలు కట్టి, ఎనిమిది నెలలుగా గాలితో తంటాలు పడుతున్న సైంటిస్టు. పేరు గీర్వాణి. సొంతూరు ఆదోని, ఉద్యోగం బెంగుళూరులో ఒక పరిశోధనశాలలో.

"అక్కా, నేను చేసిన యంత్రాన్ని ఇప్పటిదాకా ఉత్త బయల్లోనే పెట్టి చూశాను," అంది గీర్వాణి. "అక్కడ కాపాడాల్సిన వస్తువేదీ లేదు. మీ ఇంజన్ను దాని కింద పెట్టనిస్తారా?"

ఆమె తెచ్చింది బండిచక్రమంత రాగి తీగ వలయం, ఒక బ్యాటరీ పెట్టె. ఖాసీం నిచ్చెన ఎక్కి వలయాన్ని దూలానికి వేలాడదీశాడు. గీర్వాణి మీట నొక్కితే దోమ చెవి పక్కన తిరిగినట్టు చిన్న రొద వచ్చి ఆగిపోయింది.

"ఇప్పుడు బయటికి పోయి గుప్పెడు దుమ్ము ఇటు విసరండి," అందామె.

ఖాసీం నవ్వుకుంటూ వాకిట్లోకి పోయి, దోసిలితో దుమ్ము ఎత్తి షెడ్డు మీదికి విసిరాడు. వేపచెట్టు దాకా వచ్చిన దుమ్ము గాలిలోనే తెరలాగా నిలబడింది. ఆ తర్వాత కనబడని గాజుబుర్ర మీద జారినట్టు వంపు తిరుగుతూ పక్కకు పోయి నేల మీద పడింది. ఒక్క రేణువు కూడా ఇవతలికి రాలేదు. ఖాసీం నోరు తెరిచి, మళ్లీ దోసిలి నింపాడు. నాలుగుసార్లు విసిరితే గానీ అతనికి తనివి తీరలేదు.

"దువ్వుకున్న దువ్వెన కాగితం ముక్కల్ని లాగుతుంది చూశారా, ఇదీ అట్లాంటి కరెంటే, కాకపోతే తోస్తుంది," అంది గీర్వాణి. "గాలిలో ఈ రేణువులు ఒకదాన్నొకటి రాసుకుని ఒంటి మీద కరెంటు తెచ్చుకుంటాయి. నా వలయమూ అదే రకం కరెంటు చూపిస్తుంది. ఒకే రకానివి ఒకదాన్నొకటి దగ్గరికి రానీయవు. చుట్టూ ఎనిమిది మీటర్ల దాకా తోసేస్తుంది."

కాగితాల్లో ఆ యంత్రానికి ఆమె పెద్ద పేరేదో రాసుకుంది. ఖాసీం మాత్రం అప్పటికప్పుడే దానికి దుమ్ముగొడుగు అని పేరు పెట్టేశాడు.

ఆ రోజు మధ్యాహ్నం కప్పులోని చిల్లు కింద ఎండ బిళ్లలాగా నేల మీద పడి ఉంది. పైనుంచి దిగే వెలుగు కడ్డీ మాత్రం లేదు. వన్నూరమ్మ చాలాసేపు అర్థం కాక చూసి, ఆ తర్వాత గ్రహించింది. వెలుగును పట్టి చూపించే దుమ్ము గాలిలో లేదు. ఆమె చెయ్యి చాపి ఆ వెలుగులో పెట్టి, బోర్లించి, వెల్లకిల తిప్పి చూసుకుంది.

ఆ నాలుగు రోజులూ ఆ ఇంట్లో పండగలాగా గడిచాయి. ఇంజను కోసం తెచ్చిన గొడుగును ఎవరికీ ఆపబుద్ధి కాలేదు. అన్నం షెడ్డులోకే తెచ్చుకుని తిన్నారు. పంటి కింద ఇసుక కరకరలాడకుండా అన్నం తిని ఎన్నేళ్లయిందో వాళ్లకే గుర్తులేదు. "సద్దరొట్టె ఇంత తియ్యగుంటాదని నాకు ఇప్పటిదాకా తెలీదే," అన్నాడు ఖాసీం మూడో సజ్జరొట్టె అందుకుంటూ. ఏళ్ల తరబడి గురక పెట్టే మనిషి మధ్యాహ్నం షెడ్డులో మంచం వేసుకుని చప్పుడు లేకుండా నిద్రపోయాడు.

పనీ చకచకా సాగింది. హెడ్డు దిగింది, పిస్టన్లు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. క్రాంకును తిప్పేస్వామి ట్రాక్టరులో రాయదుర్గం తీసుకుపోయి ఆఖరిసారి సాన పట్టించి తెచ్చాడు. తండ్రి నేర్పిన పద్ధతి ఒకటుంది: విప్పిన ప్రతి కంతకూ వెంటనే బిరడా పెట్టాలి, ఒక కంత తెరిచి ఉండగా రెండోది తెరవకూడదు. ఆయన వేపకొయ్యతో చెక్కిన ముప్పై ఆరు బిరడాలు డబ్బాలో ఉన్నాయి. గొడుగు కింద వాటి అవసరం ఏముందని వన్నూరమ్మ డబ్బా మూతే తీయలేదు. ఇంజను కంతలన్నీ తెరుచుకుని, బల్లల మీద సామాన్లన్నీ పైన బట్ట కప్పకుండా ఆరబెట్టినట్టు పడి ఉన్నాయి. గీర్వాణి గంటకోసారి గాలిలో రేణువులు లెక్కపెట్టి, అంకెలు చూసుకుని మురిసిపోయేది.

రెండో రోజు సాయంత్రం వన్నూరమ్మ డీజిలు డబ్బా కోసం షెడ్డు వెనక్కి పోయింది. అటువైపు పక్కింటి అంజినమ్మ పట్టుపురుగులు పెంచే ఇల్లు. దాని గోడ పాదం పొడవునా మెత్తటి దుమ్ము జానెడెత్తు పేరుకుని ఉంది. కిటికీల వలలు తెల్లబడి ఉన్నాయి. వన్నూరమ్మ ఒక నిమిషం నిలబడి చూసింది. గాలికాలం కదా అనుకుంది. డబ్బా తీసుకుని వచ్చేసింది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

నాలుగో రోజు పొద్దున అంజినమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి. పదిహేనేళ్లుగా పురుగులు మేపి ఇద్దరు కూతుళ్లను చదివించుకుంది. చేతిలో వెదురు తట్ట ఉంది. తట్ట నిండా వేలెడేసి తెల్లటి పురుగులు. అవి ఆకు మీద తలలెత్తి కదలకుండా పడి ఉన్నాయి.

"వన్నూరీ, ఇట్ల రా. ఇది సూడు."

వన్నూరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నాలుగో జ్వరం లేచి, కుబుసం ఇడిసి మూడు దినాలాయ. ఈ పాటికి పురుగు ఆకు కొరుకుతాంటే ఇంట్లో వాన పడినట్ల సప్పుడు రావల్ల. నా ఇంట్లో సప్పుడే ల్యాదు. పది తట్టల్లో ఆరు తట్టలు ఇట్లనే పడిండాయి."

"ఆకు కడిగి ఏసినావా అక్కా?"

"కడగకుండా ఏస్తానా? కడిగిన ఆకు గడప దాటేలోపల మళ్లీ తెల్లగైతాండాది. ఇసుకగాలి నాకు కొత్త కాదు. ఇంత దుమ్ము మాత్రం నేనెన్నడూ సూడల్యా. మీ షెడ్డులో పడాల్సింది కూడా నా ఇంటి మీదనే పడుతాంటే, నేను యాడికి పోవల్ల?"

ఖాసీం, గీర్వాణి కూడా లేచి వచ్చారు. వన్నూరమ్మ తట్టలోని పురుగుల్ని చూసింది. తప్పించుకునే మాట ఒకటి నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

"మొన్ననే సూసినా అక్కా," అంది. "నీ గోడ కింద దుమ్ము సూసినా. సూసి గమ్మున వచ్చేసినా."

అంజినమ్మ ఆమెను ఎగాదిగా చూసింది.

"సూసినావా?"

"సూసినా."

"ఒక్క మాట సెప్పింటే తట్టలన్నీ ఆ పక్కింట్లోకి మార్చుకునేదాన్ని కదే."

అరిచి ఉంటే వన్నూరమ్మకు అంత బాధ ఉండేది కాదు.

గీర్వాణి చెప్పులేసుకుని బయటికి నడిచింది. ముగ్గురూ ఆమె వెనకే పోయారు. షెడ్డు చుట్టూ, నేల మీద, ఎవరో తాడు పట్టి గీసినట్టు ఒక గుండ్రటి గీత ఉంది. లోపలి నేల కడిగినట్టుంది. గీత మీద దుమ్ము గట్టులాగా లేచింది. గాలి పోయే వైపు ఆ గట్టు మోకాలెత్తయి, సరిగ్గా పురుగుల ఇంటి గోడకు ఆనుకుని ఉంది.

"ఈ గీతను నేను దిబ్బల దగ్గరే చూశాను," అంది గీర్వాణి. గొంతు తగ్గిపోయింది. "ఫొటో కూడా తీశాను. చుట్టూ ఇసుకే కదా అని లెక్కలో వేయలేదు. వచ్చే నెల జిల్లా ఆసుపత్రి మీద పెద్ద గొడుగు పెట్టాలని మా వాళ్లు అనుకుంటున్నారు. ఆ కాగితాలు కూడా నేనే తయారు చేశాను."

"ఆస్పత్రి సుట్టూ గుడిసెలే కదా మేడమ్ ఉండేది," అన్నాడు ఖాసీం మామూలుగా.

గీర్వాణి వంగి, గట్టు మీది దుమ్మును చేత్తో తీసి చూసింది.

అప్పుడే తిప్పేస్వామి ట్రాక్టరు వచ్చి ఆగింది. రేపు సాయంత్రానికి పెద్ద ఇసుకగాలి రాబోతోందని, ట్యాంకుల్లో వారం రోజుల నీళ్లే ఉన్నాయని అతను దిగకముందే చెప్పేశాడు. సంగతి విన్నాక నెత్తి గోక్కున్నాడు.

"ఇంకో నాలుగు దినాలు ఎట్లనో ఓర్సుకోమని అడగక్కా. తొమ్మిదూళ్ల నీళ్లు కదా."

"ఎవరినప్పా అడగమంటావు?" అంది వన్నూరమ్మ. "పురుగునా?"

ఆమె షెడ్డులోకి పోయి డబ్బా మూత తీసింది. నూనె పీల్చుకుని నల్లబడిన బిరడాలను డీజిల్లో కడిగి, తుడిచి, ఒక్కొక్క కంతలో పెట్టి అరచేత్తో నొక్కుతూ వచ్చింది. పెట్టిన ప్రతిదాన్నీ పైకి లెక్క పెట్టింది. కట్టేటప్పుడు లోపల ఒకటి మర్చిపోతే అదే చాలు ఇంజన్ను చంపడానికి. సిలిండర్ల మీద పాలిథీన్ పరిచి దారంతో బిగించింది. చిన్న సామాన్లు మూతల డబ్బాల్లోకి పోయాయి. క్రాంకును నూనె రాసి, కాగితం చుట్టి, గోనెలో కట్టి పడుకోబెట్టారు. ముప్పావు గంట పట్టింది.

"ఇంక ఆపు మేడమ్."

గీర్వాణి మీట మీద చెయ్యి పెట్టి ఒక్క క్షణం ఆగి, నొక్కింది. చిల్లులోంచి దిగిన ఎండ మెల్లగా పొడవాటి కడ్డీ అయింది. దాని నిండా దుమ్ము తిరుగుతోంది. ఖాసీం తుమ్మాడు.

ఆ రోజంతా వన్నూరమ్మ, ఖాసీం, గీర్వాణి ముగ్గురూ అంజినమ్మ ఇంట్లోనే ఉన్నారు. గోడ వెంట దుమ్ము తవ్వి ట్రాక్టరుకెత్తారు. కిటికీల వలలు విప్పి కడిగారు. వన్నూరమ్మ మల్బరీ కొమ్మలు మూడు నీళ్లలో ముంచి జాడిస్తుంటే అంజినమ్మ పక్కన నిలబడి, సరిగా జాడించని కొమ్మను వెనక్కి ఇచ్చేది. ఆరు తట్టల పురుగులను అంజినమ్మే గుంట తీసి పూడ్చిపెట్టింది. నాలుగు తట్టలు మిగిలాయి.

సాయంత్రం కాళ్లు కడుక్కుంటూ అంజినమ్మ అడిగింది.

"ఇంజను సంగతి ఏం చేస్తావిప్పుడు?"

"ఏం చేయల్లో తెలీడంల్యా అక్కా. ఊరికే కడితే ముందు మాదిరే అయితాది."

"నాక్కూడా ఆ నీళ్లే కదే తాగేది." అంజినమ్మ చెంబు బోర్లించింది. "మా పురుగుల ఇంట్లోకి పోయేటప్పుడు మేం ఏం చేస్తామో ఎప్పుడన్నా సూసినావా?"

వన్నూరమ్మ తల అడ్డంగా ఊపింది. ఇరవై ఏళ్లుగా పక్కింట్లో ఉంటూ ఆమె ఆ గడప లోపల ఎన్నడూ నిలబడి చూడలేదు.

అంజినమ్మ చూపించింది. గుమ్మానికి రెండు తెరలు. వాటి మధ్య మనిషి నిలబడేంత చోటు. మొదటి తెర మూసుకున్నాక గానీ రెండోది తెరవకూడదు. మధ్యలో సున్నపు నీళ్ల పళ్లెంలో కాళ్లు కడగాలి. బయటి చీర అక్కడే విప్పి లోపలి చీర కట్టుకోవాలి. చీపురు తగలకూడదు, తడిగుడ్డతోనే నేల తుడవాలి. ఈ పద్ధతి నాలుగు రోజుల గొడుగు దుమ్మును ఆపలేకపోయింది గానీ, పదిహేనేళ్ల ఇసుకగాలులను ఆపింది.

"మీ నాయన బిరడాలు పెట్టేది ఇంజనుకు," అంది అంజినమ్మ. "మేం పెట్టేది ఇంటికి. రెండూ కలిపితే పోలా?"

గీర్వాణి తలెత్తింది. ఆమె అప్పటిదాకా మూల కూర్చుని వేళ్లతో నేల మీద ఏవో లెక్కలు వేసుకుంటోంది.

"గొడుగును చిన్నది చేస్తాను," అంది. "షెడ్డంత వద్దు. మీరు తెరిచిన కంత మీదికే, జల్లెడంత వలయం. తోసేది కూడా పిడికెడు దుమ్మే అవుతుంది. అది ఎక్కడ పడుతుందో మొదటే చూసి, అక్కడ తడిగోనె పరుద్దాం."

మర్నాడు మధ్యాహ్నానికి షెడ్డు మధ్యలో టార్పాలిన్లతో ఒక గది లేచింది. గుమ్మానికి రెండు తడి గోనెతెరలు కట్టారు. నేల మూడుసార్లు కడిగారు. వన్నూరమ్మ తలంటుకుని, జుట్టును గుడ్డలో బిగించి, గాజులు తీసి, ఉతికిన చొక్కా తొడుక్కుంది. సామాన్లు తుడవడానికి ఆమె ఎప్పుడూ వాడే నూలుపీచు బుట్టను అంజినమ్మ గుమ్మంలోనే ఆపేసింది.

"ఇది పోగులు రాల్చదా?"

"రాలుస్తాది."

అంజినమ్మ ఇంట్లోకి పోయి తన పాత పట్టుచీర తెచ్చి, అంచు పట్టి పర్రున చింపింది. పట్టు పోగు రాల్చదు. "పట్టుబట్టతో ఇంజను తుడిచే యోగం మన ఇంజనుకే పట్టింది," అన్నాడు ఖాసీం.

మూడు రోజులు పట్టింది పని. ఒక కంత తెరవడం, గీర్వాణి మోకాళ్ల మీద కూర్చుని దాని పైన వలయం పట్టుకోవడం, వన్నూరమ్మ లోపల సన్నటి కుంచెతో కడగడం, పట్టుగుడ్డతో తుడవడం, నూనె రాయడం, సామాను బిగించడం, మూయడం. ఆ తర్వాతే ఇంకో కంత. పక్కనున్న తడిగోనె మీద సన్నటి వంకర గీతలాగా దుమ్ము చేరేది. ఖాసీం దాన్ని గంటకోసారి మడిచి తీసుకుపోయి వేరేది పరిచేవాడు.

ఇసుకగాలి చెప్పిన వేళకే వచ్చింది. ఉన్నట్టుండి షెడ్డు చీకటిగా అయింది. రేకులు దడదడలాడాయి. వన్నూరమ్మ ఆ సమయంలో క్రాంకును బేరింగుల మీద పడుకోబెడుతోంది. ఇంజను మొత్తంలో అన్నిటికన్నా సున్నితమైన పని అదే. ఆ బేరింగులు అన్నీ ఒక్కసారిగా తెరిచి ఉండక తప్పదు.

బయటి గోనెతెర మేకుల నుంచి ఊడి ఎగిరిపోయింది. ఒక్క లోపలి తెర మాత్రం మిగిలింది. అది గాలికి బుడ్డలాగా లోపలికి ఉబ్బింది. తెర అంచున దుమ్ము సన్నటి పొగలాగా దూరుతోంది.

"మూయి!" అని అరిచింది అంజినమ్మ. తనే తెర మీదికి పోయి, రెండు చేతులూ చాపి, అంచులు రెండూ పట్టుకుని వీపు ఆనించి నిలబడింది.

వన్నూరమ్మ పాలిథీన్ లాగి క్రాంకు మీద కప్పి, దాని మీద తన రెండు చేతులూ పరిచింది. గీర్వాణి వలయాన్ని ఇంకా దగ్గరికి దించింది. ఖాసీం బయట గాలిలో, ముఖానికి తువ్వాలు చుట్టుకుని, కొత్త గోనె తడిపి మేకులు కొడుతున్నాడు. సుత్తి చప్పుడు ఒకసారి వినబడి ఇంకోసారి గాలిలో కలిసిపోయేది. అరగంట లోపలివాళ్లెవరూ కదల్లేదు. అంజినమ్మ భుజాలు వణకడం వన్నూరమ్మకు కనబడుతూనే ఉంది.

"అక్కా, చేతులు నొప్పి పెడుతాండాయా?"

"నువ్వు నీ పని సూసుకో. నేను నిలబడిండా కదా."

గాలి తగ్గాక గీర్వాణి రేణువులు లెక్కపెట్టే పెట్టెలో అంకె చూసింది. మళ్లీ చూసింది. "లోపలికి రాలేదక్కా," అంది. వన్నూరమ్మ అంకెను నమ్మి ఊరుకోలేదు. ఆ బేరింగులన్నీ తీసి, మళ్లీ కడిగి, మళ్లీ తుడిచి పెట్టింది. ఆ సాయంత్రం కావలసిన క్రాంకు పని మర్నాడు మధ్యాహ్నానికి అయింది. మూడో రోజు ఆఖరి బోల్టు బిగించాక బిరడాలు లెక్క పెట్టుకుంది. ముప్పై ఆరు. ఖాసీంతో కూడా లెక్క పెట్టించింది.

నాలుగో రోజు పొద్దున పంపుహౌసులో తిప్పేస్వామి ఇంజను తిప్పాడు. రెండుసార్లు దగ్గి మూడోసారి అందుకుంది. మొదట తెల్లపొగ వచ్చింది, ఆ తర్వాత పొగే లేదు. కాలువ నీళ్లు గొట్టంలోకి ఎక్కుతున్న చప్పుడు విని తిప్పేస్వామి గట్టిగా నవ్వాడు. వన్నూరమ్మ నవ్వలేదు. రెండు పగళ్లు ఆపకుండా తిరిగాక నూనె తీయించి, గీర్వాణి దగ్గరున్న సూక్ష్మదర్శినిలో తన కన్ను పెట్టి చూసింది. పసుపు వెలుగు తప్ప ఇంకేమీ కనబడలేదు. అప్పుడు ఆమె పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయి, చొక్కా చేతితో కళ్లు తుడుచుకుంది.

అదే మధ్యాహ్నం గీర్వాణి బెంగుళూరుకు ఫోను చేసి చాలాసేపు మాట్లాడింది. షెడ్డు బయట వేపచెట్టు కింద అటూ ఇటూ నడుస్తూ, ఒకటి రెండుసార్లు గొంతు పెంచింది. లోపలికి వచ్చాక ఖాసీం ఇచ్చిన టీ తీసుకుంది.

"ఏమన్నారు మేడమ్ మీ వాళ్లు?"

"గీత సంగతి నివేదిక ఆఖర్లో ఒక వాక్యం రాస్తే చాలదా అన్నారు. నేను ఫొటో మొదటి పేజీలో పెట్టాను. అంజినమ్మగారి తట్టల ఫొటో దాని పక్కనే పెట్టాను." టీ ఊదుకుంది. "ఆసుపత్రి పని ఆపారు. చుట్టూ ఉన్న ఇళ్లవాళ్లను అడిగాకే ఏదైనా అన్నారు. మా పెద్దాయనకు నా మీద కోపమే. అయినా చిన్న వలయాల మీద ఇంకో ఏడాది ఇక్కడే పని చేసుకోమన్నారు."

"ఇంకో ఏడాదా! మరి ఆ డేరాలో ఏంటికి ఉంటావు? మా మిద్దె మీద గది ఖాళీగా ఉండాది," అన్నాడు ఖాసీం.

గీర్వాణి వన్నూరమ్మ వైపు చూసింది. "ఉండు పాపా," అంది వన్నూరమ్మ. మేడమ్ అనడం ఆ రోజుతో మానేసింది.

ఇంకా టీ గ్లాసులు కడగనే లేదు, గోడ అవతలి నుంచి కేక వినబడింది.

"వన్నూరీ! పనేమన్నా ఉండాదా నీకు? పురుగు మాగింది. ఇద్దరు మనుషులు కావల్ల!"

మిగిలిన నాలుగు తట్టల్లో పురుగులు మేత మానేసి, ఒళ్లు పసుపుగా మాగి, గూడు కట్టడానికి తలలు ఊపుతున్నాయి. వాటిని ఒక్కొక్కటే ఏరి, చంద్రికలనే వెదురు చుట్టల చాపల మీద పెట్టాలి. ఆలస్యమైతే తట్టలోనే పట్టు వదిలి పాడైపోతాయి. వన్నూరమ్మ చేతులు చూసుకుంది. గోళ్ల సందుల్లో ముప్పై ఏళ్ల నూనె.

"నా చేతులు డీజిలు కంపు కొడతాండాయక్కా. పురుగుకు ఏమన్నా అయితే?"

"సబ్బుతో మూడుసార్లు కడుగు. సున్నపు నీళ్లలో కాళ్లు పెట్టి రా. ఆ చీర కట్టుకో."

రెండు తెరలు దాటి వన్నూరమ్మ లోపలికి పోయింది. అంజినమ్మ ఒక పురుగును పైకెత్తి కిటికీ వెలుతురుకు పట్టి చూపించింది. దాని ఒంట్లోంచి వెలుతురు తేనెలాగా ఇవతలికి వచ్చింది. "ఇట్ల అగుపడితే మాగినట్ల. ఆకుపచ్చగుంటే ఇంకా కొంచెం మేత తింటాది, దాన్ని వదిలేయ్."

మొదట రెండు పురుగులు వన్నూరమ్మ వేళ్లలోంచి జారిపోయాయి. పది, ఇరవై అయ్యేసరికి చెయ్యి కుదిరింది. బేరింగు పట్టుకున్నంత మెల్లగా పట్టుకుని, వెలుతురుకు ఎత్తి చూసి, చంద్రిక వంపుల్లో దించేది. తొలుత పెట్టిన పురుగులు అప్పటికే తల అటూ ఇటూ తిప్పుతూ సన్నటి పోగు తీయడం మొదలుపెట్టాయి. అంజినమ్మ కూతుళ్ల సంగతులు చెప్పింది. పెద్దది పిల్లలకు పాఠాలు చెప్పడం, చిన్నది కోపగించుకుని ఫోను ఎత్తకపోవడం. వన్నూరమ్మ నవ్వింది, తన తండ్రి సంగతి ఒకటి చెప్పింది, ఇంకో తట్ట ముందుకు లాక్కుంది.

పొద్దు వాలేదాకా ఇద్దరూ అలాగే కూర్చుని పని చేశారు. అర మైలు దూరంలో నీళ్ల ఇంజను తన పాటికి తాను తిరుగుతూనే ఉంది. ఆ చప్పుడును చెవి ఒగ్గి వినాలన్న సంగతి వన్నూరమ్మకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.